ముంతాజ్ ఉత్తరాన్ని ఊపిరి తీసుకోకుండా చదివాను

మా చిన్నప్పుడు కామా వస్తే ఒకటి లెక్కపెట్టేవాళ్ళం... ఫుల్‌స్టాప్ వస్తే ఒకటీ రెండూ. క్లాసంతా కలిసి, గట్టిగా. ఇంగ్లీషు మాస్టారు బెత్తంతో బల్ల మీద తాళం వేసేవారు. కామా లేని చోట ఊపిరి తీసుకున్నవాడికి అరచేతి మీద ఒకటి పడేది.

బెజవాడలో తెలుగు మీడియం బడి మాది. చదివేది తెలుగులో, మాస్టారు తిట్టేది తెలుగులో, హెడ్మాస్టరు గారు మాట్లాడేది తెలుగులో. సెలవు చీటీ మాత్రం ఇంగ్లీషులో ఉండాలి. ఎందుకని అప్పుడు ఒక్కరమూ అడగలేదు... ఇప్పుడు అడుగుతున్నాను. ఎందుకు?

అందుకే మా అందరికీ ఒకే ఉత్తరం కంఠతా వచ్చు. 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అని మొదలై, రెండు రోజులు సెలవు ఇప్పించమని ముగుస్తుంది. మేనత్త పెళ్ళికి వెళ్ళినా జ్వరమే. ఇంట్లో మగ్గం దగ్గర సాయం కూర్చున్నా జ్వరమే. కృష్ణలో ఈతకి పోయినా జ్వరమే. కామాలన్నీ సరిగ్గా ఉన్న ఉత్తరం మా దగ్గర అదొక్కటే మరి.

పదో తరగతిలో ముంతాజ్ ఒక్కతే ఆ ఉత్తరం రాయలేదు.

వాళ్ళ నాన్న గవర్నర్‌పేటలో పరుపులు కుట్టేవాడు. ఆ ఏడాది ఆ పిల్ల చాలా రోజులు బడికి రాలేదు. హాజరు తగ్గితే పబ్లిక్ పరీక్షకి కూర్చోనివ్వరు. కారణం రాసిస్తే హెడ్మాస్టరు గారు పైకి సిఫార్సు చేస్తారు. ఆ కాగితం క్లాసు టీచరు చేతుల మీదుగా వెళ్ళాలి. మా క్లాసు టీచరు ఇంగ్లీషు మాస్టారే.

ముంతాజ్ జరిగిందంతా సొంతంగా ఇంగ్లీషులో రాసుకొచ్చింది... పేజీ నిండా. ఒక్క కామా లేదు, ఒక్క చుక్క లేదు.

మాస్టారు ఆ కాగితం నా చేతిలో పెట్టారు. క్లాసు లీడరుని కదా.

"చదవరా లీడరూ. దాంట్లో ఎక్కడా చుక్క లేదు, నువ్వూ ఎక్కడా ఆగమాక."

ఆగకుండా చదివాను. మూడో లైనుకి గొంతు కీచుమంది. సగానికొచ్చేసరికి మొహం కందిపోయింది. చివరికి బల్ల పట్టుకుని రొప్పుతుంటే క్లాసంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను.

"చూశావా అమ్మాయ్, నీ ఉత్తరం మనిషిని చంపేట్టుంది" అన్నారు మాస్టారు.

"ఇషయం తెలుస్తానే ఉంది కదండీ మాస్టారండీ..." అంది ముంతాజ్.

"విషయం తర్వాత. ముందు రాత నేర్చుకో. రేపు సరిగ్గా రాసుకునిరా."

ఇంటర్వెల్‌లో నా దగ్గరికొచ్చింది. "నీ నోట్సు ఓసారి ఇస్తావా... జొరం లెటర్ ఉంది కదా, అది." ఇచ్చాను. ఏదో గొప్ప సాయం చేసినట్టు పొంగిపోయాను కూడా.

మర్నాడు ఆ పిల్ల జ్వరం ఉత్తరం అక్షరం పొల్లుపోకుండా దించుకొచ్చింది. ఒక్క మాట మారిస్తే కామాలు ఎక్కడ తప్పుతాయోనని 'రెండు రోజులు' కూడా అలాగే ఉంచేసింది. మాస్టారు మురిసిపోయారు. "ఇదమ్మా ఉత్తరమంటే" అని వెంటనే సంతకం పెట్టి పైకి పంపారు.

రెండు రోజులు మంజూరయ్యాయి. మిగతా రోజులన్నీ ఊరికే రానట్టు లెక్క. హాల్‌టికెట్లు పంచిన రోజు ముంతాజ్ పేరు పిలవలేదు.

మొదటి ఉత్తరం నా ఇంగ్లీషు పుస్తకంలోనే ఉండిపోయింది. ఆ సాయంత్రం తీసి చదివాను... ఈసారి నా ఇష్టమొచ్చిన చోట ఊపిరి తీసుకుంటూ. వాళ్ళమ్మ పెద్దాసుపత్రిలో ఉంది. నాన్న ఆవిడ దగ్గరే ఉంటున్నాడు. అంగట్లో పరుపులు తనే కుడుతోంది, తమ్ముళ్ళకి తనే వండి పెడుతోంది. పాఠాలన్నీ చదువుకుంటూనే ఉంది. పరీక్ష మాత్రం ఆపొద్దు, దయచేసి.

అంతా అర్థమైంది. అర్థం కాని మాట ఒక్కటీ లేదు ఆ కాగితంలో.

దాన్ని హెడ్మాస్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళచ్చు. నేను వెళ్ళలేదు. తప్పుల కాగితం పెద్దవాళ్ళకి ఎలా చూపిస్తాం అనుకున్నాను... నాకు నేర్పిన చదువు అది. ముంతాజ్ మళ్ళీ బడికి రాలేదు.

ఇప్పుడు కామెంట్లలో ఒకాయన దిగుతాడు. "అయితే గ్రామర్ నేర్పొద్దంటారా అండీ?" నేర్పండి బాబూ. కామా ఉన్నది చదివేవాడికి దారి చూపడానికి. దాన్ని గుమ్మానికి అడ్డంగా వేసి, దాటలేని పిల్లని బయట నిలబెట్టడం చదువెలా అవుతుందో ముందు మీరు నాకు చెప్పండి.

ఇదంతా ఇవాళ ఎందుకంటే... మొన్న మా ఆఫీసుకి మైలవరం వైపు నుంచి ఒకావిడ ఇంగ్లీషులో అర్జీ పంపింది. మా కుర్ర ఉద్యోగి ఒకాయన దాన్ని ఫోటో తీసి, వాట్సాప్ గ్రూపులో నవ్వు బొమ్మలతో పెట్టబోతున్నాడు. పైకి చదవమన్నాను.

"ఎక్కడ ఆపాలో తెలీట్లేదు సార్, ఫుల్‌స్టాపే లేదండి."

"నీకు ఊపిరి ఉంది కదయ్యా. ఆగి చదువు."

ఆగి చదివాడు. ఆవిడ పింఛను ఆగిపోయి చాలా నెలలైందట. చదవడం అయ్యాక ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

ఈ రోజుల్లో కామాలు ఫోనే పెట్టేస్తోంది... ఆగి చదివే మనుషులే దొరకడం లేదు.

మీ క్లాసులోనూ ఇలా ఒక ఉత్తరానికి అందరూ నవ్వే ఉంటారు. ఎవరిదో, అందులో ఏముందో గుర్తుంటే కింద రాయండి. చుక్కలూ కామాలూ లేకపోయినా పర్లేదు... నేను ఊపిరి తీసుకుంటూ చదువుకుంటాను.