మొరం అనుకున్న మట్టి

మమ్మల్ని హెలికాప్టర్ దించింది జూన్ ఐదున, మధ్యాహ్నం రెండుంబావుకు. ఆఫ్రికాలో మన శాంతిదళం ఆస్పత్రి. నలభై ఒక్క డిగ్రీల ఎండ. నేను సైనిక నర్సుల విభాగంలో మేజర్ని. ఆక్సిజన్ తయారుచేసే ప్లాంటు మాకంటే ముందే లారీలో చేరింది. బరువు రెండు వేల మూడు వందల కిలోలు. పన్నెండు రోజుల్లో నడిపించాలని ఆర్డరు.

నక్షాలో కాంక్రీటు గచ్చు ఉంది. అక్కడ లేదు. బెత్తెడు బీటలు విచ్చిన నల్లరేగడి ఉంది. సిమెంటుకు నెల పడుతుందన్నారు.

ఇంజనీర్ల హవల్దారుది బీబీపేట, నాది నాగిరెడ్డిపేట; రెండూ కామారెడ్డి దిక్కే. నలుగురిలో ‘మేడం’ అనేవాడు. ఎవరూ లేకపోతే ‘అక్కా’.

“రేగడి ఉబ్బుతదక్కా. మిషిన్ గిట్లనే పెడితే పండుకుంటది.”

“మరెట్ల?”

“మన దిక్కు ఇండ్లు కట్టేటోళ్లు ఏం చేస్తరు? రేగడి తీసి మొరం నింపుతరు.”

నాలుగు కిలోమీటర్ల దూరంలో ఎర్రగుట్ట దొరికింది. ఇద్దరం మట్టి నలిపి చూశాం. గరుకుగా ఉంది.

“గిది మొరమేనా?” అన్నాను.

“మొరం గాకపోతే మిరపకారమా? ఎల్లారెడ్డి రోడ్డుకు పోసేది గిదే.”

నవ్వి, సరేనన్నాను. పై అధికారికి రాసిచ్చిందీ నేనే. మా ఊరి మేస్త్రీ అయితే పిడికెడు మట్టిని నీళ్లలో వేసి, మొరంలా నిలుస్తుందో, జావలా కరుగుతుందో చూసేవాడు. మేం రంగు చూశాం.

మూడడుగులు తవ్వి నింపాం. దిమ్మిసతో కొట్టాం. పైన ఇనుప పలకలు వేశాం. పదకొండో రోజున ప్లాంటు నడిచింది.

ఇరవై ఆరున వాన పట్టుకుంది. మంగళవారం ఉదయం మా దుబాసీని మంచం మీద మోసుకొచ్చారు. ఆ ఊరి పిల్ల, ఇరవై రెండేళ్లు. రోగుల మాట మాకు, మా మాట రోగులకు చెప్పేది ఆమె ఒక్కతే. నిమోనియా. పదకొండున్నరకు ప్లాంటు కింద ఎర్రమట్టి జావైంది. ప్లాంటు తొమ్మిది అంగుళాలు ఒరిగింది. పైపు విరిగింది.

నిండు సిలిండర్లు నాలుగు. ఒక్కోటి ఏడు వేల లీటర్లు, నిమిషానికి పది. నలభై ఆరు గంటల నలభై నిమిషాలు. పన్నెండింటికి మొదటిది తిప్పాను.

రేడియోలో అడిగాను: “పైపు, సిలిండర్లు కావాలి.”

“మబ్బు కిందికుంది. ఎగరలేం.”

రెండేసి గంటలకోసారి అడిగాను. అదే జవాబు.

హవల్దారు పైపుకు రబ్బరు చుట్టాడు. మూడుసార్లూ ఎగిరిపోయింది. “నిలుస్తలేదక్కా,” అన్నాడు. మోకాళ్ల దాకా బురద. “తిట్టరాదే నన్ను.”

“నేను సుత చూసిన గదరా,” అన్నాను.

గంటా నలభై నిమిషాలు ఆక్సిజన్ ఎనిమిది లీటర్లకు తగ్గించాను. పిల్ల పెదవులు నీలమయ్యాయి. మళ్లీ పదికి పెంచాను. దాంతో కలిసొచ్చింది ఇరవై నిమిషాలు. గురువారం ఉదయం పదకొండింటికి చివరి సిలిండరు ముల్లు సున్నాకు వచ్చింది. పన్నెండూ ఇరవైకి ఊపిరి ఆగింది. హెలికాప్టర్ శుక్రవారం వచ్చింది.

మార్చిలో ఇంటికొచ్చాను. కామారెడ్డిలో రైలు దిగి ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఇప్పటికీ పిల్లలు అడుగుతారు, “సింహాలు కనవడ్డయా అవ్వా?” అని. లేదంటాను.

నాకు కనబడేది ఆ దుబాసీ పిల్ల తల్లి. అట్టపెట్టె మూత చింపి కూతురి ముఖానికి విసురుతోంది. గాలి చాలడం లేదనుకుంది. ఊపిరి ఆగిందని చెప్పడానికి నాకా భాష రాదు. చెప్పగలిగిన పిల్ల మంచం మీద ఉంది. తల్లి ఒంటిగంట దాకా విసిరింది.