నేను ఎంచిన చిర్రలు

మొఘల్‌పురాలోని మా డప్పుల జట్టుకు చిర్రలు ఎంచేది నలభై ఏళ్లుగా నేనే. చిర్ర అంటే డప్పు కొట్టే లావు పుల్ల. బండ మీద వేసి వింటాను. టంగుమంటే మంచిది, డొల్లగా మోగితే లోపల పగులున్నట్టు.

మొన్న బోనాల ఊరేగింపులో పోతరాజు చిందేస్తుండగా నా చిర్ర విరిగి, ముక్క రెండంతస్తుల మేడ దాటిపోయింది. వెంటనే పక్కన డప్పు కొడుతున్న మా అబ్బాయి యాదగిరిదీ విరిగింది. డప్పులు ఆగాయి. పోతరాజు ఎత్తిన కొరడాతో అలాగే నిలబడ్డాడు.

"ఏంది బాపు, గిసొంటియి తెచ్చినవ్?" అన్నాడు యాదగిరి.

"నా దెబ్బకు ఏ కట్టె ఆగుతదిరా?"

"మరి నా దెబ్బకు గూడ ఆగలే గదా."

నిజం చెప్పేస్తాను. ముక్క మేడ దాటలేదు, నా కాలి మీదే పడింది. ఏడాదిగా నాకు చెవులు సరిగా వినబడటం లేదు. జట్టులోంచి తీసేస్తారన్న భయంతో, ఏమీ వినకుండానే తలాడించి చిర్రలు కొన్నాను. ఆ మాట నడిరోడ్డు మీదే ఒప్పుకున్నాను.

యాదగిరి నవ్వి, సంచిలోంచి పాత చిర్రలు తీశాడు. అన్నీ డప్పు అంచు తగిలి తగిలి అరిగినవే.

"వేలు పెట్టి చూడు బాపు, గుడి దాక ఏది ఆగుతది?"

బొటనవేలితో తడిమి రెండు తీశాను. రెండూ ఆగాయి.

ఇప్పుడు అరుగుదల నేను తడుముతాను, చప్పుడు వాడు వింటాడు. ఎంచేదెవరని అడిగితే మాత్రం ఇప్పటికీ నేనేనంటాను.