కుడికాలి షూలో కాగితపు ఉండ

2022 వేసవి. ప్రొద్దుటూరులోని నా చెప్పుల అంగడికి లింగాల నుంచి ఓబుల్‌రెడ్డి, ఆయన భార్య లక్ష్మమ్మ వచ్చారు. చీనీ, అంటే బత్తాయి తోట రైతులు. రెడ్డికి చక్కెర జబ్బు ఉంది కాబట్టి రోజూ పొద్దున్నే మెల్లగా పరుగెత్తమని పులివెందుల డాక్టరు చెప్పాడట. వెయ్యిలోపు రన్నింగ్ షూ కావాలన్నారు.

నేను పదో తరగతి దాటలేదు. కానీ ఎండాకాలం మధ్యాహ్నాలు బేరాలుండవు కనుక శాఖా గ్రంథాలయంలో కూర్చుని పాదం ఎముకల నుంచి రబ్బరు తయారీ దాకా చదివాను. తక్కువ ధర షూలో మెరుపు కాదు, మిడ్‌సోల్ చూడాలి. అంటే పాదానికీ అడుగు రబ్బరుకూ మధ్య ఉండే మెత్త. వేలితో నొక్కితే దిగి, వదలగానే లేవాలి. వంచితే వేళ్ల దగ్గర వంగాలి, నడుమ కాదు.

రెడ్డి పాదం కొలిస్తే ఎనిమిదో నంబరు. ఎనిమిది తొడిగితే లూజన్నాడు. ఏడులో మడమ దూరడమే కష్టమైంది, అయినా అదీ లూజే అన్నాడు. నాకు అనుమానం పుట్టింది. అంతకుముందే ఒకాయన కొత్త షూ పెళ్లికి వేసుకుని, బిగువుగా ఉందని వాపసు తెచ్చాడు. ఈయనా బిగువుది కొని, వాడుకుని వాపసు తెచ్చే ఎత్తులో ఉన్నాడేమో!

"ఏడు నీకు పట్టదు మామా. నేను ఇయ్యను."

"ఇయ్యవా? ఎనిమిదులు అమ్ముడుపోక మిగిలిపోయినట్లుండాయే!"

"నాకు ముందే తెలుసు," అంది లక్ష్మమ్మ. "ఈ అంగడాయన ఇంతగా నవ్వుతాండాడంటే ఏందో ఒకటి అంటగడతాడని."

ఇంకో రకం ఎనిమిది తీసిచ్చాను. రెడ్డి మెట్ల దాకా నడిచి వచ్చాడు. "కుడిది శానా బాగా కుదిరింది. ఎడమది లూజు. ఏందప్పా, జతలు మార్చి పెట్టి అమ్ముతాండావా?"

నిజంగానే జత మారిందేమోనని కుడిది విప్పించి లోపల చేయి పెట్టాను. ముందుభాగంలో కాగితం ఉండ. షూ ముడుచుకుపోకుండా ఫ్యాక్టరీలో కుక్కేది. ఎడమదాంట్లోంచి తీసి, కుడిదాంట్లో మరిచిపోయాను.

"ఇది వేళ్లకు తగల్లేదా మామా?"

"ఇప్పుడు పెట్టి ఇప్పుడు తీసినావులే. ఎవురికి చూపిస్తావు ఈ గారడీ!"

లక్ష్మమ్మ మొహం మాత్రం మారిపోయింది. "మొన్న తోటకాడ చెప్పు యాడో జారిపోతే, ఒంటి చెప్పుతో ఇంటికొచ్చినాడు. తెలీలేదంట. నేనే ఎగతాళి చేస్తి," అంది.

అప్పుడు చదివింది తలకెక్కింది. చక్కెర జబ్బు ముదిరితే పాదాలకు స్పర్శ తగ్గుతుంది. సరైన షూ వదులనిపిస్తుంది, కరిచే షూ కుదిరినట్టుంటుంది. పుండు పడినా తెలియదు. అది ముదిరితే కాలికే ముప్పు. నేను ఆ ఏడో నంబరు షూ అమ్మి ఉంటే ఆయన దానితోనే పరుగెత్తేవాడు.

షూ అమ్మలేదు. ముందు పాదాలు డాక్టరుకు చూపించమన్నాను.

"చేతికొచ్చిన బేరం వదులుకుంటాండాడు. ఇందులో ఏందో మతలబు ఉండాదే," అనుకుంటూ రెడ్డి మెట్లు దిగాడు.

కొన్నాళ్లకు ఇద్దరూ మళ్లీ వచ్చారు. డాక్టరు స్పర్శ తగ్గిందని తేల్చి, పరుగు మాన్పించి, నడక చాలన్నాడట. ఎనిమిది తొడిగి, "ఎట్లుండాది మామా?" అన్నాను.

"నన్నేం అడుగుతావప్పా? నా కాలు నాకు నిజం చెప్పడం మానేసింది. మా ఆడమనిషిని అడుగు."

లక్ష్మమ్మ కూర్చుని, బొటనవేలి ముందు సందు ఉందో లేదో నొక్కి చూసింది. మడమ వెనక వేలు దూర్చింది. నేను సరిగ్గా ఉందని చెప్పినా వినకుండా రెండో కాలూ అట్లాగే చూసింది.

కొనేవాళ్లను అనుమానించడం అంగడి నేర్పింది. "బాగుంది" అన్న మాటను కూడా అనుమానించాలని ఆ పాదాలు నేర్పాయి. ఆమెకు నా మీద నమ్మకం ఇంకా కుదరలేదు. కుదరకపోవడమే మంచిది.