టేపు కింద కొస

1962 జూన్‌లో హిందూపురంలోని ఒక కళాశాలలో అసిస్టెంట్ ఫిజికల్ డైరెక్టరుగా చేరాను. కళాశాల పేరు రాయను. ఎందుకో చదివితే తెలుస్తుంది. నాకు ఏడాది ప్రొబేషన్, అంటే ఆ ఏడాదిలో ఒక్క చెడ్డ రిపోర్టు పడినా పెట్టె సర్దుకోవలసిందే. నా పైన ఫిజికల్ డైరెక్టరు బసవరాజు సారు. పరిగి మనిషి. బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్ కూడా ఆయనే.

చేరిన వారంలోనే ఆయన గురించి స్టాఫ్‌రూంలో తలా ఒక మాట చెప్పారు. పెనుకొండలో ఒకసారి రైల్వే గుమాస్తాను విద్యార్థి పేరుతో ఆడించాడట. ధర్మవరంలో రెఫరీతో గొడవపడి ఆట మధ్యలో జట్టును బయటికి నడిపించుకుపోయాడట. రెండుసార్లూ విచారణ జరిగింది, రెండుసార్లూ ఆయన ఏదీ ఒప్పుకోలేదు. మూడోసారి దొరికితే పోటీలకు జట్టు తేకుండా వెలి వేస్తామని పోటీల సంఘం రాసి పంపింది.

ఇదంతా విన్నాక ఆ మనిషంటే నాకు ఏవగింపు కలగాలి. కలగలేదు. ఆయన నేర్పడం చూశాను కదా. బోర్డుకు వీపు పెట్టి నిలబడి, బంతి తగిలిన చప్పుడును బట్టి అది రింగులో పడిందో లేదో చెప్పేవాడు. నేను పక్కన నిలబడి వారం రోజులు లెక్కగట్టి చూశాను, ఒక్కసారీ తప్పలేదు. తాడిమర్రి, బత్తలపల్లి నుంచి వచ్చి అంతకుముందు బాస్కెట్‌బాల్ ముఖమే చూడని పిల్లలు ఆయన చేతిలో ఆరు నెలల్లో ఆటగాళ్లయ్యారు.

ఆ ఫిబ్రవరిలో జోనల్ పోటీల ఆఖరి మ్యాచ్ మా మైదానంలోనే పడింది. ఎదుటి జట్టు ధర్మవరానిది. మ్యాచ్ రోజు పొద్దున కోర్టు సర్టిఫికెట్ రాయాలి: గీతల కొలతలు, బోర్డుల స్థితి, రింగుల ఎత్తు. రింగు నేల నుంచి సరిగ్గా పది అడుగులు ఉండాలి. కొలిచి సంతకం పెట్టే పని అసిస్టెంటుది. నేను స్టూలెక్కాను. సారు కింద వంగి టేపు కొస పట్టుకున్నాడు. రెండు రింగుల దగ్గరా పది అడుగులే చదివాను, రాశాను, సంతకం పెట్టాను.

ఒక్క బుట్ట తేడాతో మేము గెలిచాం. పిల్లల కేకలు ఇంకా ఆగకముందే ధర్మవరం కోచ్ రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చాడు. తన వాళ్ల బంతులన్నీ రింగు ముందు అంచుకే కొట్టుకున్నాయని, ఎత్తు మళ్లీ కొలవాలని కోరాడు. సగం ఆట తర్వాత జట్లు వైపులు మారతాయి కాబట్టి రింగు ఎత్తయినా నష్టం ఇద్దరికీ సమానమే కదా అని మా ప్రిన్సిపాలు వాదించాడు. ఆ రింగుల మీద నెల రోజులు సాధన చేసిన జట్టు ఒకటేనని రెఫరీ జవాబు. ఆయన పెనుకొండ డ్రిల్లు మాస్టరు, మాట తక్కువ మనిషి. తానే స్టూలెక్కి, కింద ధర్మవరం కోచ్ చేత టేపు పట్టించి కొలిచాడు. పది అడుగుల మూడు అంగుళాలు. రెండో రింగూ అంతే.

అందరూ నా సంతకం వైపు చూశారు. ప్రొబేషన్ ఇంకా నాలుగు నెలలుంది. నేను కొలిచానని, పది అడుగులే చదివానని చెప్పాను. నా మాట నాకే అబద్ధంలా వినిపించింది. కొలవకుండా రాసినట్లు రిపోర్టు రాస్తానని ప్రిన్సిపాలు అన్నాడు. బసవరాజు సారు నోరు మూసుకుని ఉంటే చాలు, నేను ఇంటికి, ఆయన ఎప్పటిలాగే తన కోర్టుకు. ఆయన గత చరిత్ర తెలిసిన వాళ్లెవరూ అంతకు మించి ఆశించలేదు. నేనూ ఆశించలేదు.

సారు ముందుకొచ్చి తన కాన్వాస్ బూటు వైపు చూపించాడు.

"ఆ పిల్లోడు చదివింది నిజమే సార్. టేపు కొస నేలమీద లేదు, నా బూటు మీద ఉండె. రింగులెత్తింది నేనే. బూటెంతో అంతే ఎత్తినా."

డ్రిల్లు మాస్టరు ఆయన బూటు పక్కన టేపు నిలబెట్టి చూశాడు. సరిగ్గా మూడు అంగుళాలు.

రింగులు దించి మర్నాడు మళ్లీ ఆడించారు. ఎత్తు రింగుకు చేతులు అలవాటుపడిన మా పిల్లల బంతులు అవతలికి దూకాయి. చిత్తుగా ఓడిపోయాం. ఎదుటివాళ్ల కోసం పన్నిన వలలో మా పిల్లలే పడ్డారు. సారును రెండేళ్లు పోటీల నుంచి వెలి వేశారు. జూన్‌లో నా ఉద్యోగం ఖాయమైంది.

ఎందుకు ఒప్పుకున్నారని ఒకనాడు ధైర్యం చేసి అడిగాను. ఆయనకు ఆ ప్రశ్నే వింతగా తోచింది.

"నువ్వు సరిగ్గా చదివితివి కదప్పా. సరిగ్గా చదివినోణ్ని తప్పు చదివినాడని రాస్తాంటే ఎట్ల చూస్తా ఉండేది?"

ఎదుటి జట్టును మోసం చేయడానికి వెనకాడని మనిషి, నేను సరిగ్గా చదివినదాన్ని మాత్రం అబద్ధం కానివ్వలేకపోయాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మరుసటి ఏడాది జోనల్ పోటీలు మళ్లీ మా దగ్గరే జరిగాయి. జట్టు పక్కన కూర్చునే అర్హత ఆయనకు లేదు. పొద్దున నేను టేపు తీసుకుని వెళ్లేసరికి కోర్టు దగ్గర నిలబడి ఉన్నాడు. కాళ్లకు బూట్లు లేవు, చెప్పులూ లేవు. స్టూలెక్కమని నాకు సైగ చేసి, వంగి, టేపు కొసను బొటనవేలితో నేలకు అదిమి పట్టాడు.

"చదివే ముందర, కిందికి చూడు," అన్నాడు.

చూశాను. తర్వాతే చదివాను. రిటైరయ్యేదాకా కొన్ని వందల కోర్టు సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టాను. రింగు కొలిచేటప్పుడు అందరూ పైకి చూస్తారు. నేను మొదట కిందికి చూస్తాను, టేపు పట్టుకున్నది ఎవరైనా సరే.