డిశ్చార్జి కార్డులో మూడక్షరాలు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నర్సింగ్‌లో పీహెచ్‌డీకి రిజిస్టరయ్యాను. అప్పటికి విశాఖపట్నంలో ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఇల్లు గాజువాకలో, మా ఆయనకి స్టీల్‌ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం. సెలవు కాగితం పెట్టినప్పుడు కాలేజీ గుమస్తా అది చదివి, "నర్సుకి పీహెచ్‌డీ ఏటి మేడమ్? ఇంజక్షన్ల మీద రాస్తారా, బెడ్‌పాన్ల మీద రాస్తారా?" అన్నాడు. నవ్వేసి వచ్చేశాను. నాకు అప్పట్లో నా మీద చాలా నమ్మకం. పదేళ్లు వార్డుల్లో పనిచేశాను, పేషెంట్ల గురించి నాకు తెలియనిదేముందనుకునేదాన్ని.

నా గైడు రిటైరైన ప్రిన్సిపాల్. తక్కువ మాట్లాడే మనిషి. పొట్ట ఆపరేషన్ చేయించుకుని ఇంటికెళ్లిన ఆడవాళ్లు ఆ తర్వాత తమని తాము ఎలా చూసుకుంటున్నారు, అదీ నా విషయం. కుట్లు మానాయా, బరువులు ఎప్పుడెత్తారు, మళ్లీ వెళ్లి చూపించుకున్నారా, ఇలా నలభై ప్రశ్నలు తెలుగులో తయారుచేశాను. మేడమ్ ఒక్కో ప్రశ్ననీ ఎర్ర పెన్నుతో కొట్టేసి మళ్లీ రాయించింది.

భీమిలి దాటాక సముద్రం ఒడ్డున ఒక జాలర్ల పేటలో పని మొదలుపెట్టాను. ఒకరోజు మధ్యాహ్నం అక్కడి ఆరోగ్య కార్యకర్త నన్ను ఒకావిడ ఇంటి ముందు వదిలి తన పని మీద వెళ్లిపోయింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో ఆవిడకి. పాత వల పరిచి దాని మీద నెత్తళ్ల చేపలు ఎండబెట్టి, చేత్తో తిరగేస్తోంది. నన్ను చూడగానే లేచి నవ్వింది.

"రా సిస్టరమ్మా, కూకో. ఏటి రాసుకుంతావో రాసుకో."

మిగతా ఇళ్లలో ఒప్పించడానికే అరగంట పట్టేది. ఈవిడ నేను అంగీకార పత్రం తియ్యగానే బొటనవేలు ముందుకి చాచింది. నాకు సంతోషమేసింది.

ఏం ఆపరేషన్ అని అడిగాను. "ఇరవై నాలుగ్గంటల నొప్పికి" అంది. అపెండిక్స్‌ని మావైపు అలాగే అంటారు. రాసుకున్నాను. ఎన్నాళ్లయింది? "ఏడేళ్లు దాటింది. మా పాప అప్పుడు పాలు తాగతంది." డిశ్చార్జి కార్డుందా అంటే లోపలికెళ్లి, ట్రంకుపెట్టెలోంచి పాలిథిన్ కవరు తెచ్చింది. ఎంత జాగ్రత్తగా దాచుకుందో, కార్డు మడత కూడా నలగలేదు.

ఆపరేషన్ అని ఉన్నచోట ఇంగ్లీషులో మూడక్షరాలున్నాయి. టి.ఏ.హెచ్. పొట్ట కోసి గర్భసంచి తీసేశారని దానికి అర్థం. ఎందుకు తీశారో కార్డులో ఎక్కడా లేదు.

ఇంకొకరి కార్డేమో అనుకుని పేరు చూశాను. ఆవిడదే.

"నెల నెలా బయట చేరుతున్నారా?" అని అడిగాను. ఆ ప్రశ్న నా నలభైలో లేదు.

"లేదు సిస్టరమ్మా. ఆపరేసన్ అయిన కాడ్నుంచీ ఆగిపోనాయి. మందుల యేడికి అలగే అయిపోద్దన్నారు ఇక్కడోళ్లు. మళ్లీ ఒత్తాయి గదా? ఒక్కపిల్లే నాకు. ఇంకోటి కావాలని ఆకుమందు తింతన్నాను. మొక్కులు మొక్కుతన్నాను."

నా కళ్లు కార్డు పైభాగానికి వెళ్లాయి. అప్పటిదాకా ఆ అచ్చుపేరు నేను చూడనేలేదు. తొంభైల్లో ఎమ్మెస్సీకి ముందు నేను రెండేళ్లు పనిచేసిన ప్రైవేటు నర్సింగ్‌హోమ్ అది.

"ఆపరేషన్ ముందు కాగితం మీద వేలిముద్ర ఎవరు తీసుకున్నారో గుర్తుందా?" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. "ఎవరేటి? నువ్వే గదా! సూడగానే పోల్సేను. అందుకే గదా అడగ్గానే ఏలిచ్చేను."

ఎంత తవ్వుకున్నా ఆవిడ ముఖం నాకు గుర్తు రాలేదు. ఇప్పటికీ రాదు.

"నేనేం చెప్పాను మీకు?"

"ఏటీ సెప్పలేదు. ఇక్కడ ఏలెట్టమ్మా, భయం లేదన్నావు. ఆ నీలం రంగు నువ్వే దూదెట్టి తుడిసేవు. మంచిదానివి."

నేను ఏదో సాకు చెప్పి లేచి వచ్చేశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నానుగానీ బీచిరోడ్డు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు దాటిందో తెలీదు. ఎన్ని వందల వేళ్లు పట్టుకుని అద్దించానో! ఒక్కసారైనా ఆ కాగితం చదివి వినిపించానా? డాక్టరుగారు చెప్పే ఉంటారులే అనుకునేదాన్ని. డాక్టరుగారు సిస్టర్ చెప్పే ఉంటుందనుకున్నారేమో.

తిన్నగా గైడు ఇంటికే వెళ్లాను. అంతా విని మేడమ్, "ఆవిడ నిన్ను ముందే ఎరుగును. ఆవిడ జవాబులు పనికిరావు, లెక్కలోంచి తీసెయ్" అంది. నేను వెళ్లబోతుంటే అడిగింది: "ఆవిడకి చెప్పావా?"

"లేదు మేడమ్."

"చెప్పకుండా వచ్చేశావా? మరి ఎవరు చెబుతారు?" కోపంగా అంది. ఆ తర్వాత కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "సర్వీసంతా నేనూ వేలిముద్రలు అలాగే తీసుకున్నాను" అంది. మేడమ్ నోట అలాంటి మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

మర్నాడు నర్సింగ్‌హోమ్ ఉన్న వీధికి వెళ్లాను. అది మూసేసి ఏళ్లయిందట, ఆ చోట ఫర్నిచర్ షాపు ఉంది. డాక్టరు ఊరొదిలి వెళ్లిపోయాడన్నారు. ఆవిడకి ఆ ఆపరేషన్ నిజంగా అవసరమైందో లేదో చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

ఆ వారంలోనే మళ్లీ పేటకి వెళ్లాను. ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాను. ముందు నమ్మలేదు, "ఏరే మనిసి కాగితం సూసుంతావు" అంది. పేరు చదివి చూపించాను. గర్భసంచి లేదని, ఇక నెలసరి రాదని, పిల్లలు పుట్టరని మూడు రకాలుగా చెప్పాల్సి వచ్చింది. చెప్పేకొద్దీ ఆవిడ ముఖంలో కదలిక పోయింది. చివరికి ఒకటే అడిగింది.

"తీసీసి, దాన్ని ఏటి సేసేరు?"

ఇన్నేళ్ల చదువులో నన్నెవరూ అడగని ప్రశ్న. నాకు జవాబు తెలుసు, బకెట్లో వేస్తారు. కార్డు మడిచి కవర్లో పెట్టాను.

"నాకేటీ తెలీదు. నాదే గదా అది" అంది ఆవిడ. తర్వాత లేచి, "పో సిస్టరమ్మా. సేపలు తిప్పాల" అని బయటికి నడిచింది.

ఇక నా ముఖం చూడదనుకున్నాను. పది రోజులకి కాలేజీ గేటు దగ్గర ఎవరో ఆడవాళ్లు నా కోసం వచ్చారని వాచ్‌మన్ చెప్పాడు. వెళ్లి చూస్తే ఆవిడ. వెంట ఆ పేటవాళ్లే ఇంకో ఇద్దరు, చేతుల్లో పాలిథిన్ కవర్లు. నమస్కారం లేదు, నవ్వు లేదు.

"సదువు" అంది.

గేటు పక్కన చెట్టుకింద నిలబడి చదివాను. ఒకావిడకి నిజంగానే అపెండిక్స్. రెండో ఆవిడది గర్భసంచి. ఆమెకీ అప్పటిదాకా తెలీదు, వినగానే నేల మీద కూలబడింది. మా విద్యార్థినులు తెల్ల యూనిఫాంలలో మా పక్కనుంచే క్లాసులకి వెళ్తున్నారు.

విషయం మార్చుకుంటానని గైడుని అడిగాను. రెండేళ్ల పని వృథా అవుతుందంది. అయితే అవనివ్వండన్నాను. మూడుసార్లు తిప్పి చివరికి సంతకం పెట్టింది. ఆపరేషన్‌కి ఒప్పుకున్నప్పుడు ఆడవాళ్లకి ఏం చెప్పారు, వాళ్లకి ఏం అర్థమైంది, అదీ కొత్త విషయం. దానికి ఇంకో అయిదేళ్లు పట్టింది. ప్రతి ఇంట్లోనూ నేను ముందు కాగితం మొత్తం చదివి వినిపించి, ఏం అర్థమైందో తిరిగి చెప్పించుకున్నాకే సంతకం అడిగాను. కొందరు విన్నాక వద్దన్నారు. వద్దనే హక్కు వాళ్లకుందని అంతకుముందు నాకు కాగితం మీద మాత్రమే తెలుసు.

వైవాలో బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ మధ్యలో విషయం ఎందుకు మార్చారని అడిగాడు. గైడు నావైపు చూసింది, చెప్పొద్దన్నట్టో చెప్పమన్నట్టో నాకు తెలీలేదు. "ఆ వేలిముద్రల్లో కొన్ని నేను తీసుకున్నవేనండీ" అన్నాను. ఆయన ఏదో రాసుకుని తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాడు. డిగ్రీ వచ్చింది.

ఆ మరుసటి ఏడు పేట ఆవిడ మళ్లీ వచ్చింది. చెల్లెలికి పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషనన్నారట, నన్ను తోడు రమ్మంది. ఆటోలో నేనే చొరవ చేసి, "నా మీద కోపం పోయిందా?" అన్నాను.

"నమ్మి పిలిసేననుకున్నావేటి?" అంది బయటికి చూస్తూ. "నీకు ఆ అచ్చరాలు సదవడం వొచ్చు. అందుకని."

ఆసుపత్రిలో సర్జన్ ఎదురుగానే చెల్లెలికి కాగితం మొత్తం చదివాను. ఏది తీస్తారు, ఎందుకు, తియ్యకపోతే ఏమవుతుంది, అన్నీ అక్కే ఒక్కొక్కటిగా అడిగింది. సర్జన్ గడియారం చూసుకుంటూనే జవాబులు చెప్పాడు. చివరికి చెల్లెలు, "ఇంటికెల్లి మాయాయనతో ఆలోసించుకుని రేపు సెప్తాను" అంది. ముగ్గురం లేచి బయటికొచ్చాం. వాళ్లిద్దరూ భీమిలి బస్సెక్కారు.