రౌటరు వెనక బొట్టు

పొద్దునపూట మా ఇంట్లో వైఫై రాకపోవడం లైను తప్పు కాదని నాకు మొదట చెప్పింది మా తోటికోడలు. నేను ఆవిడను అక్కా అని పిలుస్తాను. వంటింట్లో ఇద్దరం గోంగూర ఒలుస్తుంటే, హాలు వైపు ఒక చెవి పడేసి, తల ఎత్తకుండా చెప్పింది.

"లైనూ లేదు, గీనూ లేదే. మీ బావగారే ఆపుతున్నారు. నీ ఫోనూ, నా ఫోనూ, పిల్లలవీ. తెల్లారగట్ల నుంచి ఆయన షాపుకి వెళ్లేదాకా రాకుండా సెట్టింగ్స్‌లో పెట్టారు. నేను చెప్పానని మాత్రం అనకు."

పటమటలో మా ఇంట్లో అన్నదమ్ములిద్దరి కాపురాలూ కలిసే ఉన్నాయి. బావగారికి ఆటోనగర్‌లో విడిభాగాల షాపు. మావారు గన్నవరం విమానాశ్రయానికి కారు నడుపుతారు, చీకటితోనే బయల్దేరతారు. రౌటరు హాల్లో, బావగారి కుర్చీకి సరిగ్గా పైన గోడకి ఉంటుంది. ఇంట్లో వైఫై ఉండగా ఆడవాళ్ల ఫోన్లకి వేరే రీఛార్జి ఎందుకని ఆయనే అన్నారు. అదీ నిజమేలే అనుకున్నాను.

నాకు ఆ వైఫైతో ఉన్నది ఒక్కటే పని. చల్లపల్లిలో మా మేనత్త ఉంది. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. బడికి పంపితే రోజూ ఎవరో ఒకరు ఎత్తుకుని తీసుకురావలసి వచ్చేదని మానిపించేశారు. నాకు అక్షరాలు పెట్టింది మేనత్త. శనగపప్పు పొట్లాలు విప్పిన పేపరు ముక్కలు, గోడమీది క్యాలెండరు, పంచాంగం, అవే నా పాఠ్యపుస్తకాలు. ఇంగ్లీషు అక్షరాలు కూడా బిస్కట్ల డబ్బాల మీదా మందుసీసాల మీదా చూపించి ఆవిడే నేర్పింది. ఇప్పుడు ఆవిడకి చూపు పోయింది. రోజూ చేసుకునే పారాయణ ఆగిపోయిందని దిగులుపడితే, నేను చదువుతాను, నువ్వు విను అన్నాను. అప్పటినుంచి పొద్దున్నే దీపం పెట్టగానే వీడియో కాల్ చేసి, ఫోను పీఠం పక్కన నిలబెట్టి చదివేదాన్ని. ఆవిడ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కనపడని తెరకి ఎదురుగా కూర్చునేది. నేను చదివేది పూర్తయ్యేదాకా కాఫీ కూడా ముట్టేది కాదు.

వైఫై ఆగడం మొదలయ్యాక ఆ కాఫీ చల్లారిపోతోందని మా వదిన, అంటే మేనత్త కోడలు, మధ్యాహ్నాలు ఫోన్ చేసి చెప్పేది. మధ్యాహ్నం చదువుతానంటే మేనత్త ఒప్పుకునేది కాదు. దీపం వేళ చదవాల్సింది దీపం వేళే చదవాలంది. నేను ఫోను పట్టుకుని వరండాలోకి, మేడ మెట్ల మీదకి, తులసికోట దగ్గరికి తిరిగేదాన్ని. బావగారు కుర్చీలో పేపరు చదువుకుంటూ, కేబుల్ వాళ్లు పనికిమాలినవాళ్లని నాకు వంత పాడేవారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ వంత పాడటమే.

మావారితో చెప్పాను. అన్నయ్యతో ఏం మాట్లాడతాం, పోనీ వేరే రీఛార్జి చేయించుకో అన్నారు. అక్కర్లేదన్నాను. నేను తుడిచే గోడకి ఉన్న పెట్టె అది. నన్ను ఆపమని దానికి ఒకరు చెప్పగలిగినప్పుడు, ఆపవద్దని నేనూ చెప్పగలను.

రౌటరు బిగించినతను వెళుతూ వెళుతూ, అన్నీ దీని వెనకే రాసి ఉన్నాయండీ అనడం నాకు గుర్తుంది. బావగారు షాపుకి వెళ్లాక స్టూలు ఎక్కి దాన్ని దించి వెనక్కి తిప్పాను. రాత ఏదీ లేదు. పసుపు ఉంది. ఎండి అట్టకట్టిన పసుపు, మధ్యలో పెద్ద కుంకుమబొట్టు.

అది నా చేతి పనే. ఆయుధపూజ నాడు మిక్సీకి, కుట్టుమిషనుకి, స్కూటరుకి బొట్లు పెట్టేది నేనే. రౌటరుకి ముందువైపు పెట్టబోతే, లైట్లు కనపడవు, వెనక పెట్టమని బావగారు చెప్పారు. వెనక తెల్లకాగితం అంటించి ఉంటే, అమ్మవారి నుదురే దొరికినంత సంబరంగా దానిమీదే పూసేశాను. ఏటేటా ఒక పొర.

పెట్టిన బొట్టు చెరపడానికి చెయ్యి రాలేదు. అమ్మవారి కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాను. తల్లీ, ఇది చెరపడం కాదు, చోటు మార్చడం అనుకున్నాను. వత్తులు చేసే దూదిని కొబ్బరినూనెలో ముంచి కాసేపు అద్ది ఉంచి, కాగితం చిరగకుండా మెల్లగా తీశాను. అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. చుక్కలు పెట్టిన అంకెలు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. అంత గట్టి కాగితం అంటించిన వాళ్లెవరో, వాళ్ల చేతులు చల్లగా ఉండాలి.

అంకెలు ఫోనులో కొడితే ఒక పేజీ తెరుచుకుంది. కాగితం మీది పాస్‌వర్డే పనిచేసింది. దాన్ని మార్చాలని బావగారికి తోచలేదు. మా ఇంట్లో ఆడవాళ్లెవరైనా స్టూలు ఎక్కి చూస్తారని తోస్తే కదా. ఇంగ్లీషు మాటలు కూడబలుక్కుంటూ పేజీ పేజీ తిరిగాను. పేరెంటల్ కంట్రోల్ అని ఉన్నచోట ఆగాను. అది పిల్లల్ని అదుపులో పెట్టుకోవడానికి తల్లిదండ్రులు వాడేది. అక్కడ నాలుగు ఫోన్లున్నాయి. పిల్లలిద్దరివీ, వాటి కింద అక్కదీ, నాదీ. నాదానికి బావగారు ఇంగ్లీషులో చిన్నకోడలు అని పేరు పెట్టారు.

కోపంతో చెవులు వేడెక్కాయి. పిల్లల ఫోన్లు వాళ్లమ్మ ఇష్టం, వాటి జోలికి పోలేదు. నాది తీసేశాను. నీది కూడా తీసెయ్యనా అని అక్కని కేకేసి అడిగాను. గుమ్మం దాకా వచ్చి, వద్దులే, నాది ఉండనీ అని వెనక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ పేజీ లోపలికి వెళ్లే పాస్‌వర్డు మార్చాను. అదేమిటో మీకు కూడా చెప్పను. రౌటరుని గోడకి పెట్టి, ముందువైపు ఓ మూల, లైట్లకి అడ్డం లేకుండా చిన్న బొట్టు పెట్టాను.

మర్నాడు దీపం వేళ కాల్ కలిసింది. ఆగిన చోటి నుంచి చదువు అంది మేనత్త, అంతే. నేను గొంతెత్తి చదివాను. హాల్లో కుర్చీ కిర్రుమంది. గుమ్మం తెర లాగిన చప్పుడైంది. చదవడం ఆపలేదు. హారతి ఇచ్చి బయటికొస్తే బావగారు ఫోను చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. పాస్‌వర్డు తప్పని చూపిస్తోందట.

"దీన్ని ఎవరు ముట్టుకున్నారమ్మాయ్?"

"నేనేనండి."

"నీకెవరు చెప్పారు?"

అక్క వంటింటి గుమ్మంలో గిన్నె పట్టుకుని బిగుసుకుపోయింది.

"మా మేనత్తండి. చదవడం ఆవిడే నేర్పింది. రౌటరు వెనక రాసి ఉంటే చదువుకున్నాను."

తెల్లవారుతూనే ఫోన్లు పట్టుకుంటే ఇళ్లు ఏమవుతాయో ఆయన చాలాసేపు చెప్పారు. ఆయన చేతిలో ఉన్నదీ ఫోనే. కనెక్షనే తీయించేస్తానన్నారు. తీయించండి బావగారూ, మీ షాపు మెసేజీలు కూడా దానిమీదే కదా వచ్చేది అన్నాను. నా మాటలో అండీ ఎక్కడా తప్పలేదు. పాస్‌వర్డు మాత్రం చెప్పలేదు. ఏదైనా మార్చాలంటే అందరం హాల్లో కూర్చుని మారుద్దామన్నాను. ఆయన కాఫీ తాగకుండా వెళ్లిపోయారు. క్షమించమని నేను అడగలేదు. ఇప్పటికీ అడగను.

మావారు సాయంత్రం సంగతంతా విని, అన్నం తింటూ తింటూ ఒకసారి రౌటరు వైపు, ఒకసారి నా వైపు చూశారు. ఇంకో ముద్ద పప్పు వేయమన్నారు.

కనెక్షను ఉంది. మేనత్త కాఫీ వేడిగా తాగుతోంది. అమ్మవారికి రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

కొన్నాళ్లకి ఓ మధ్యాహ్నం అక్క చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ పేజీ ఏదో చూపించు అంది. తీశాను. పిల్లల ఫోన్ల కింద తన ఫోను అక్కడే ఉంది. నేను నొక్కబోతే నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు నొక్కకు. ఎక్కడో చూపించు, చాలు."

చూపించాను. తనే నొక్కింది.

మా మేనత్తని తలుచుకోవడానికి నేనున్నాను. మీరు దీపం పెట్టేటప్పుడు మా అక్కని ఒక్కసారి తలుచుకోండి. నాకా వైఫై గుట్టు చెప్పిన రోజు నుంచీ ఆవిడ ఆ మనిషికే కంచం పెడుతోంది, ఆ హాల్లోనే తిరుగుతోంది.