నిమ్మచెట్టూ, అన్నయ్య బరువూ

ఆ వీధిలో అందరూ ఆయన్ని గ్రాము అనే పిలుస్తారు. కాటాలు బాగుచేయడం ఆయన వృత్తి. కూరగాయల దుకాణాల కాటాలు, ఆసుపత్రిలో పసిపిల్లల్ని తూచే కాటా, లారీలు ఎక్కే పెద్ద కాటా, అన్నీ ఇరవై ఆరేళ్లుగా ఆయన చేతి చలవ వల్లే నిజం చెబుతున్నాయి. ఒకసారి ఓ కూరగాయలాయన "ఒక్క గ్రాము తేడా ఉంటే కొంపలేం మునగవులే" అన్నందుకు మూడు రోజులపాటు కాటా తిరిగివ్వలేదు. పేరు అప్పుడు పడింది. ఎగతాళికి పెట్టిన పేరది. ఆయన బిరుదనుకున్నాడు.

ఇంటికి వచ్చిన చుట్టాలకు కాఫీ ఇచ్చాక షెడ్డులోకి తీసుకెళ్లి, కాటా ఎక్కించి, బరువును గోడ మీద సుద్దతో రాయడం ఆయన దృష్టిలో మర్యాద. ఆ గోడకు ఎక్కని మనిషి ఒక్కడే, పక్క వాటాలో ఉండే సొంత అన్నయ్య.

అన్నయ్యకు బట్టల కొట్టుంది. మనిషి భారీ, మాట అంతకన్నా భారీ. వానల గురించి మొదలుపెట్టినా, మోకాళ్ల నొప్పుల గురించి మొదలుపెట్టినా, "ఈ ఇంటి బరువంతా మోసింది నేను" అన్న దగ్గరే ఆపుతాడు. తమ్ముణ్ణి గురించి అడిగితే "మావాడు తేలిక మనిషి" అంటాడు. కాటా ఎక్కమంటే మాత్రం కోపం వస్తుంది. "నా బరువు నువ్వు తూచేదేంట్రా?"

నాలుగేళ్ల కిందట అన్నదమ్ములు వేరుపడ్డారు. ఇల్లు రెండు వాటాలు చేసి, పెరట్లో సున్నంతో గీత గీశారు. గీతకు తాడు పట్టింది గ్రామే. ఎంత నిక్కచ్చిగా పట్టాడంటే, తన భార్య నాటి పెంచిన నిమ్మచెట్టు రెండు మూరలు అన్నయ్య వైపు పడింది. తాడు కాస్త వంకరగా పట్టుకుని ఉంటే ఎవరూ ఏమనేవారు కాదు. ఆ సంగతి ఆయన భార్య ఈ నాలుగేళ్లలో పైకి అనలేదు. నిమ్మకాయ కోయడానికి గీత దాటిన ప్రతిసారీ ఆయన వైపు ఒక చూపు చూసేది, అంతే.

ఈ ఏడు అన్నయ్య కారు కొన్నాడు. కారుకు నీడగా షెడ్డు కట్టాలి. నీడకు ఆయన ఎంచుకున్న చోటు నిమ్మచెట్టు ఉన్న చోటు.

"మేస్త్రీ ఇంకో రెండు నెలలకు గానీ ఖాళీ అవడట. వాడొచ్చిన రోజు చెట్టు కొట్టించేస్తా," అన్నాడు పెరట్లో నిలబడి.

"కాపు మీదున్న చెట్టు బావగారూ, కొట్టించడమేంటి?" అంది తమ్ముడి భార్య.

"చెట్టు నీదేనమ్మా, కాదన్నానా? చోటు నాది. చేతనైతే మీ ఆయన్ని పట్టుకుపొమ్మను."

అన్నయ్య ఆ మాట నవ్వుతూ అని లోపలికెళ్లిపోయాడు. గ్రాము మాత్రం నవ్వలేదు. టేపు తెచ్చి చెట్టు మొదలు కొలిచాడు.

"నలుగురు మనుషులు, రెండు గడ్డపారలు చాలు. పొద్దున మొదలెడితే మధ్యాహ్నానికి అయిపోతుంది," అంది భార్య.

"గడ్డపారతో వేర్లు తెగుతాయి. మట్టి రాలకుండా ముద్దలా పైకి లేవాలి. లేకపోతే చెట్టు బతకదు."

"అయితే?"

"మిషను చేస్తా."

ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. కాపురానికి వచ్చి ఇరవై రెండేళ్లు. "చేద్దాం" అంటే ఆపొచ్చు, "చేస్తా" అంటే ఆపలేమని ఆవిడకు తెలుసు.

ఆ మిషను నడపడానికి తెచ్చిన ట్రాక్టరు బావమరిదిది. పండ్లతోటల్లో మందు కొట్టే చిన్న ట్రాక్టరు అది.

"చిన్న ప్రాణం బావా. మరీ బరువు పెడితే అలుగుతుంది," అన్నాడు అప్పగిస్తూ.

"దాని శక్తి ఎంతో నాకు లెక్క తెలుసు."

"లెక్క నీకు తెలుసు. అలక నాకు తెలుసు."

ఆ మాట కూడా గోడ మీద రాసి పెట్టుకోవాల్సింది.

పాతసామాను కొట్టులో గ్రాముకు ఒక గుండ్రటి ఇనుప ట్యాంకు దొరికింది. దాన్ని నిలువుగా చీల్చితే వంపు తిరిగిన మూడు పారలు వచ్చాయి. ఒక్కో పారకు కింద మొన తీసి, వెనక పట్టా వేసి, మూలనపడ్డ లోడరు నుంచి ఊడదీసిన హైడ్రాలిక్ సిలిండరు బిగించాడు. మూడింటినీ మోసేది ఒక ఇనుప చట్రం. తలుపులా తెరిస్తే చెట్టు మధ్యలోకి వస్తుంది, మూస్తే చుట్టుకుంటుంది. ట్రాక్టరు నుంచి గొట్టాల్లో నూనె తోసుకొస్తే సిలిండర్లు పొడుగై పారలు మట్టిలోకి దిగుతాయి. మూడు మొనలూ అడుగున కలుసుకుంటే చెట్టు గరిటెలో ముద్దలా ఉంటుంది. అప్పుడు ట్రాక్టరు వెనక భాగంతో చట్రాన్ని పైకి ఎత్తాలి.

ఏడు వారాలు పట్టింది. ఈలోగా ఊళ్లో కాటాలు అబద్ధాలు మొదలుపెట్టాయి. ఆసుపత్రి నుంచి మూడుసార్లు ఫోనొచ్చింది. అక్కడ పిల్లలందరూ ఉన్నట్టుండి బొద్దుగా పుడుతున్నారట.

మొదటిసారి నూనె వదిలిన రోజు, లివరు కిందికి నొక్కితే పార పైకి లేచింది. గొట్టాలు రెండూ తారుమారయ్యాయి.

"అచ్చం మీ అన్నయ్యే. కిందికి రమ్మంటే పైకెక్కుతోంది," అంది భార్య.

గొట్టాలు మార్చాడు. ఇక మిగిలింది తూకం. అది ఆయన సొంత విద్య. షెడ్డు చూరు కింది మట్టి ఒక బకెట్టు తీసి తూచి, ముద్ద పరిమాణానికి హెచ్చవేసి, గోడ మీద రాశాడు: నూట ఎనభై మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. వెనక అంత బరువు వేలాడితే ట్రాక్టరు ముందు భాగం తేలకుండా, కాటాలు పరీక్షించే తన ఇరవై కిలోల ఇనుప రాళ్లు ఐదు ముందు బిగించాడు.

"ఉన్నవి ఐదేనా బావా? ఇంకో రెండుంటే బాగుండేది," అన్నాడు బావమరిది.

"నాలుగున్నర చాలు. నీకోసం ఐదు పెట్టా."

సోమవారం మేస్త్రీ వస్తాడనగా, ఆదివారం పొద్దున ట్రాక్టరు వెనక్కి నడుచుకుంటూ నిమ్మచెట్టు దగ్గరికి వెళ్లింది. అన్నయ్య వరండాలో కుర్చీ వేసుకుని పేపరు తెరిచాడు. తిరగేసింది లేదు.

పారలు ఒకదాని తర్వాత ఒకటి వెన్నలో దిగినట్టు దిగాయి. అడుగున మొనలు కలిసిన చప్పుడు వినిపించింది. గ్రాము చెయ్యెత్తాడు. బావమరిది లివరు లాగాడు. ఇంజను గట్టిగా మూలిగింది. ముందు చక్రాలు రెండూ మెల్లగా నేల విడిచి మూరెడు పైకి లేచాయి. చెట్టు ఉన్నచోటే ఉంది.

"బావా! గుర్రమెక్కినట్టుంది!"

వరండాలో నవ్వు మొదలైంది. "ఒరేయ్, చెట్టును లేపమంటే ట్రాక్టరును లేపావేంట్రా?"

గ్రాము వంగి మట్టి పట్టుకున్నాడు. వేళ్లకు అంటుకుంది.

"ఇది తడిగా ఉందేంటి?"

"నీళ్లు పోశాను. కదిపే ముందు చెట్టుకు బాగా తడి పెట్టాలని మా తమ్ముడు చెప్పాడు. నాలుగు రోజుల్నుంచీ పోస్తున్నా," అంది భార్య.

"నాకు చెప్పలేదే? ఎంత పోశావు?"

"బిందెలతో పోశాను. చెట్టుకు నీళ్లు కూడా తూచి పోస్తారా ఎవరైనా?"

చెట్టు బతకడానికి ఆవిడ చేసిందే సరైన పని. ఆయన తూచింది మాత్రం, పొడిమట్టి. ఇరవై ఆరేళ్లు ఊరందరి తూకాల్లో తప్పులు పట్టిన మనిషి అక్కడే చతికిలబడి, ఇటుక ముక్కతో నేల మీద లెక్క వేశాడు. ముందు ఇంకో తొంభై కిలోలు కావాలి. రాళ్లు లేవు. బావమరిది సీట్లో ఉండాలి, తను పారల లివర్ల దగ్గర ఉండాలి. గోడ మీది లెక్క ప్రకారం భార్య నలభై ఎనిమిది.

"నన్నేం చూస్తారు? నేను చాలను. చాలినాయన అక్కడ కూర్చున్నారు," అందావిడ.

గ్రాము లేచి వరండా మెట్ల దాకా వెళ్లి ఆగాడు. పని పడి అన్నయ్యను ఏదైనా అడగడం నాలుగేళ్లలో అదే మొదలు.

"అన్నయ్యా, నీ బరువెంత?"

"ఎందుకు?"

"ట్రాక్టరు ముందు కూర్చోవాలి. తొంభైకి తక్కువైతే మాత్రం వద్దు."

చెట్టు కోసమని బతిమాలి ఉంటే అన్నయ్య పేపరు పేజీ తిప్పేవాడు. తక్కువైతే వద్దన్న మాట ఎక్కడో తగిలింది.

"తొంభై? నేనా? కాటా ఎక్కడుందిరా?"

షెడ్డులోకి తనే నడిచాడు, తనే ఎక్కాడు. నూట పన్నెండు కిలోల ఆరు వందల గ్రాములు. అంకె చూసి తల పైకెత్తిన తీరు, సన్మానం చేయించుకున్నట్టుంది.

బావమరిది చెయ్యిచ్చి బొనెట్ మీద కూర్చోబెట్టాడు. చక్రాలు నేలకు దిగాయి. లివరు లాగితే ఈసారి చెట్టు లేచింది, వేర్లతో, మట్టి ముద్దతో, కాయలతో సహా. అటు చెట్టు, ఇటు అన్నయ్య, నడుమ చిన్న ట్రాక్టరు. పెరడంతా ఒక కాటాలా ఉంది.

సున్నం గీత దగ్గరికి వచ్చేసరికి అన్నయ్యకు తనేం చేస్తున్నాడో తట్టినట్టుంది. తను కొట్టిస్తానన్న చెట్టును తనే దగ్గరుండి తమ్ముడి వైపుకు దాటిస్తున్నాడు.

"ఒరేయ్, నేనిప్పుడు దిగిపోతే?" అంటూ పక్కకు ఒరిగాడు.

చక్రాలు బెత్తెడు లేచాయి. ముద్ద లోంచి మట్టిపెళ్ల ఒకటి ఊడి కింద పడింది.

"బావగారూ, కదలకండి!" తమ్ముడి భార్య అరిచింది. ఆవిడ గొంతు అంత పైకి లేవడం ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు. "మీరు కదిలితే నా చెట్టు పోతుంది!"

అన్నయ్య మళ్లీ మధ్యలోకి జరిగి, రెండు చేతులతో బొనెట్ పట్టుకున్నాడు. మిగతా పదిహేను అడుగులూ రెప్ప వేశాడో లేదో చెప్పలేం. తమ్ముడి వైపు తవ్వి ఉంచిన కొత్త గోతిలో చెట్టు దిగాక కూడా, "అయిపోయింది, దిగు అన్నయ్యా" అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

వారం తిరక్కుండా నిమ్మచెట్టు ఆకులన్నీ రాల్చేసింది. కొత్త కారు షెడ్డులో నుంచుని అన్నయ్య రోజూ అడిగేవాడు. "ఏమ్మా, ఉందా, పోయిందా?" ఆవిడ కొమ్మ మీద గోటితో గీరి, పచ్చగా ఉందో లేదో చూసి, "ఉంది" అనేది. పంతొమ్మిదో రోజు మొదలుకు దగ్గర్లో మిరపగింజంత చిగురు కనిపించింది. గ్రాము భార్య దాన్ని ముందు చూపించింది భర్తకు కాదు, బావగారికి.

ఇప్పుడు అన్నయ్య ఏ సంగతి మొదలుపెట్టినా ఆ పాత మాట దగ్గరే ఆపుతాడు. కాకపోతే సాక్ష్యం తోడైంది. "ఈ ఇంటి బరువంతా మోసింది నేను. అనుమానముంటే మావాడి షెడ్డు గోడ చూడండి." వచ్చినవాళ్లు వెళ్లి చూస్తారు. సుద్దతో రాసి ఉంటుంది: అన్నయ్య, 112.600.

ఆ రోజు ఆయన చెప్పులతో కాటా ఎక్కాడు. ఆ సంగతి గ్రాముకు అప్పుడే తెలుసు. తర్వాత ఒకసారి గుమ్మంలో విడిచి ఉన్న చెప్పులు తీసి తూచాడు కూడా. ఏడు వందల నలభై గ్రాములు. తీసేసి రాయాలని సుద్దముక్క పట్టుకుని రెండుసార్లు గోడ దాకా వెళ్లాడు. అంకె ఇంకా అలాగే ఉంది.